కోచ్ నడిచిన వారం

అతన్ని అందరూ కోచ్ అనేవారు. ఏ జట్టుకీ అతను కోచ్ కాదు. షటిల్ కోర్టులో తన వంతు వచ్చేదాకా బెంచీ మీద కూర్చుని, ఆడుతున్న నలుగురికీ ఎలా ఆడాలో చెప్పేవాడు. తన వంతు వచ్చాక కోర్టులో నిలబడి, పక్కవాడికి ఎలా ఆడాలో చెప్పేవాడు. ఆ పేరు పెట్టింది అతని బావమరిది. వెటకారానికి పెట్టాడు. కోచ్ దాన్ని బిరుదులా పుచ్చుకున్నాడు. వీపు మీద ఆ మాట అచ్చు వేయించిన టీషర్టు కూడా ఒకటి చేయించుకున్నాడు.

వయసు నలభై ఒకటి. పని వెబ్‌సైట్లు తయారు చేయడం. పద్దెనిమిదేళ్ళలో అయిదు కంపెనీలు మారాడు. ప్రతిచోటా మొదటి ఆరు నెలలు ఇక్కడ ఒక పద్ధతీ పాడూ లేదనేవాడు, తర్వాత ఆ లేని పద్ధతిలోనే హాయిగా సర్దుకునేవాడు. పనిలో మరీ తీసిపోయిన మనిషి కాదు. చేసిన పనిని ఇంకోసారి సరిచూడటం ఒక్కటే అతనికి చేతకాదు. ఎవరైనా తప్పు చూపిస్తే, "నా మెషీన్‌లో బానే ఉందే" అనేవాడు.

ఆ నెల మొదట్లో మేనేజరు అతన్ని అద్దాల గదిలోకి పిలిచి, నెలాఖరుకు తొమ్మిదిమందిని తీసేస్తున్నామనీ, ఆ తొమ్మిదిమందిలో అతనొకడనీ చెప్పింది. కోచ్ బయటికొచ్చి, పక్క సీటతనికి కుర్చీలో మెడ నిటారుగా ఎలా పెట్టుకోవాలో చెప్పాడు. ఇంట్లో మాత్రం ఏమీ చెప్పలేదు. భార్య ఆస్పత్రిలో వార్డు నర్సు. చెబితే ఆవిడ ఏమంటుందోనన్న భయం కాదు, ఏమీ అనదన్న భయం. ఏమీ అనకుండా వెళ్ళి ఇంకో షిఫ్టు అడిగి తెచ్చుకుంటుంది. అది కళ్ళతో చూడటం కన్నా నోరు మూసుకోవడం సులువు.

అతనికి ఒక్క దారి మిగిలింది. ఊళ్ళో వెబ్ పనివాళ్ళ సంఘం ఒకటుంది. మంచాలూ కుర్చీలూ అమ్మే దుకాణం పైన మేడ హాల్లో నెలకోసారి కలుస్తారు. నలభైమంది దాకా వస్తారు. ఒకరి కార్డు ఒకరికి ఇచ్చుకుంటారు, ఇంటికి వెళ్ళి ఆ కార్డులు సొరుగులో పడేస్తారు. దాన్ని పరిచయాలు పెంచుకోవడం అంటారు. ఉద్యోగం ఉన్నవాళ్ళు ఇంకాస్త మంచిదాని కోసం వస్తారు, లేనివాళ్ళు ఉన్నట్టు కనబడటానికి వస్తారు. ఈసారి మాత్రం నిజంగానే ఒక ఉద్యోగం ఉంది. చిన్న కంపెనీ నడిపే ఒకావిడ, జుట్టంతా నెరిసినా రంగు వేసుకోని మనిషి, తన వెబ్ టీముకి పెద్ద కోసం చూస్తోంది. అందరూ ఆవిడను మేడమ్ అంటారు. "ఈ నెల మీటింగులో మనుషుల్ని చూస్తాను. నచ్చితే అక్కడే మాట్లాడుకుందాం" అంది.

ఆ నెల సంఘానికి ఒక సరదా పుట్టింది. కూర్చుని కూర్చుని నడుములు పట్టేస్తున్నాయని ఎవరో అన్నారు. దాంతో వారం రోజుల ఆరోగ్య సవాలు పెట్టారు. సోమవారం నుంచి ఆదివారం దాకా ఎవరు ఎక్కువ అడుగులు నడిస్తే వాళ్ళు ఫస్టు. అడుగులు చేతివాచీ లెక్కపెడుతుంది. శనివారం షటిల్ పోటీ. ఆదివారం పగలు మీటింగు, బహుమతి. అందరి అడుగులూ ఒకచోట కనబడేలా పేజీ తయారు చేస్తానని కోచ్ చెయ్యెత్తాడు. రెండు రోజుల్లో చేసేశాడు. పేర్లు, పేర్ల పక్కన అంకెలు, పేరు మీద నొక్కితే ఏ గంటకు ఎన్ని అడుగులో చూపే నిలువు గీతలు. అంకెలు రోజుకొకసారి, తెల్లవారుజామున మారతాయి.

మేడమ్ అది చూసి, "బాగుంది. ఎవరు మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తారో, ఎవరు వారమంతా నిలబడతారో ఇందులో తెలిసిపోతుంది. నాకు కావలసిన మనిషి అలా నిలబడే మనిషి" అంది.

ఆ మాటతో కోచ్‌కి రెండు పనులు పడ్డాయి. పేజీ బాగుండాలి. ఆ పేజీలో తను పైన ఉండాలి. మొదటిది అతనికి వచ్చిన పని.

సోమవారం ఆఫీసు నుంచి రెండు స్టాపుల ముందే బస్సు దిగి నడిచాడు. ఒక స్టాపు దూరం నడిచాక మోకాలు పట్టేసింది. వెనకాలే వచ్చిన ఇంకో బస్సెక్కి ఇల్లు చేరాడు. మేడ మెట్లెక్కి, సోఫాలో పడి, వాచీ చూసుకున్నాడు. రెండు వేల మూడు వందలు. పొద్దున్నే పేజీ తెరిస్తే అతని పేరు కిందనుంచి నాలుగోది. పైన గుండ్రాయి ఉన్నాడు, పన్నెండు వేలతో. గుండ్రాయి ఒక డిజైనరు. నూట పది కిలోల మనిషి. గుండు, పొట్ట కలిపి ఆ పేరొచ్చింది. మనిషి మెత్తన. ఎవరేమన్నా ముందు తనే నవ్వుతాడు. అలాంటివాడి కింద తన పేరు ఉండటం కోచ్‌కి మింగుడు పడలేదు.

ఆ మంగళవారం ఉదయం భార్య ఏడు గంటల డ్యూటీకి బయల్దేరుతుంటే కోచ్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఇదిగో, ఈ వాచీ నువ్వు పెట్టుకో."

"నాకెందుకండీ?"

"నీ ఒంటి సంగతి నువ్వెప్పుడైనా చూసుకున్నావా? పొద్దస్తమానం నిలబడే ఉంటావు. గుండె ఎలా కొట్టుకుంటోందో ఇది రాసిపెడుతుంది. సాయంత్రం నేను చూస్తాలే."

ఆవిడ డబ్బాకి మూత పెడుతూ ఆగిపోయింది. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ గుండె సంగతి అతను అడగడం అదే మొదలు. ఆవిడ తల్లి గుండెజబ్బుతోనే పోయింది, యాభై దాటకుండా. ఆ సంగతి అప్పుడు అతనికి గుర్తు లేదు. ఆవిడకు గుర్తుంది. అతనికీ గుర్తుండే ఇలా అడిగాడనుకుంది.

"వార్డులో మోచేతి కింద ఏమీ ఉండకూడదండీ. ఉంగరం కూడా తీయిస్తారు."

"అయితే కాలికి కట్టుకో."

"సాక్సు మీద కడితే గుండె తెలుస్తుందా?"

"కొత్త మోడల్. ఎక్కడ కట్టినా తెలుస్తుంది."

ఆవిడ పీట మీద కూర్చుని, ఎడమ కాలి సాక్సు మీద వాచీ కట్టుకుని, పైనుంచి సాక్సు అంచు మడిచింది. ఫోను పక్కన లేకపోయినా తనంతట తనే లెక్కలు పంపే రకం వాచీ అది. ఆ గొప్ప కోసమే కొన్నాడు. ఆవిడ మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ కోచ్ మళ్ళీ పడుకున్నాడు.

ముప్ఫై మంచాల వార్డు అది. మందుల గది ఒక చివర, స్నానాల గది ఇంకో చివర. మూడు దాకా డ్యూటీ. బుధవారం ఉదయం పేజీలో కోచ్ పేరు పక్కన పదిహేడు వేల ఆరు వందలు వచ్చింది.

సంఘం వాళ్ళ ఫోన్లలో మెసేజీలు మోగాయి. "కోచ్, అవి కాళ్ళా చక్రాలా?" "రాత్రికి రాత్రే ఏం తిన్నావు అన్నా?" కోచ్ స్టూలు మీద కాళ్ళు చాపుకుని అందరికీ కలిపి పెద్ద జవాబు రాశాడు. ముందు మడమ ఆనాలి, తర్వాత వేళ్ళు. చేతులు ఊపాలి గానీ భుజాలు ఊపకూడదు. లేవగానే గోరువెచ్చని నీళ్ళు. అన్నిటికన్నా ముఖ్యం మనసు. అది రాస్తున్నంతసేపూ లేచి మంచినీళ్ళు తెచ్చుకోవడానికి బద్ధకించి దాహంతోనే కూర్చున్నాడు.

మధ్యాహ్నం గుండ్రాయి ఫోను చేశాడు.

"అన్నా, నువ్వే బూట్లు వాడతావో చెప్పన్నా. నేనూ కొనుక్కుంటా. నా మడమలు పుళ్ళైపోయాయి."

"బూట్లలో ఏముందిరా? నడకలో ఉంటుంది. నువ్వు బరువంతా మడమల మీద వేస్తున్నావు."

"ఎక్కడ వేసినా ఆ బరువే కదన్నా" అని గుండ్రాయి నవ్వాడు. "అయినా నిన్ను చూస్తే హుషారొస్తోంది. ఇవాళ ఇంకో రెండు కిలోమీటర్లు నడుస్తా."

నడిచాడు కూడా. పద్నాలుగు వేలు. కోచ్ పదిహేడు వేల తొమ్మిది వందలు.

రోజూ నాలుగు గంటలకు ఆవిడ ఇల్లు చేరేది. కాళ్ళు కడుక్కుని, వాచీ తుడిచి అల్మరా మీద పెట్టేది. అతను ఆఫీసు నుంచి రాగానే అడిగేది.

"ఇవాళ ఎలా ఉందండీ?"

"ఏది?"

"గుండె."

"ఆఁ, బాగుంది. భేషుగ్గా ఉంది."

ఆ ఒక్క మాట కోసం ఆవిడ రోజంతా ఎదురుచూస్తున్నట్టు ఉండేది. వార్డులో తోటి నర్సులకు కాలి వాచీ చూపించింది. మా ఆయన పెట్టుకోమన్నాడని చెప్పింది. అలాంటి మాటలు చెప్పుకునే మనిషి కాదు, అందుకే చెప్పాక సిగ్గుపడింది. గురువారం సాయంత్రం కూర తరుగుతూ అంది.

"మా హెడ్ సిస్టర్ ఏమందో తెలుసా? మీ ఆయనలాంటి వాళ్ళు నూటికొకరు ఉంటారంది."

కోచ్ ఫోనులో వాచీ పంపిన ఆ రోజు లెక్క చూస్తూ తల ఎత్తలేదు. "ఇవాళ వార్డులో పని తక్కువా?"

"ఏం?"

"ఊరికే అడిగాలే. తక్కువ తిరిగినట్టున్నావని."

"అవునండీ. ఒక ముసలాయనకు బాగా లేదు. వాళ్ళవాళ్ళు వచ్చేదాకా రెండు గంటలు నా చెయ్యి వదల్లేదు. అక్కడే కూర్చున్నా."

"అలా ఒకేచోట కూర్చోకూడదు" అన్నాడు కోచ్. "ఒంటికి మంచిది కాదు."

ఆవిడ సరేనంది. మర్నాడు ఇంకొంచెం తిరిగింది కాబోలు, పంతొమ్మిది వేలు దాటింది.

శనివారం సాయంత్రం షటిల్ పోటీకి కోచ్ వాచీ తనే పెట్టుకున్నాడు. నలుగురిలో చేతికి కనబడాలి. జంటలాటలో అతని జోడీ బావమరిది. అతను లిఫ్టు మెకానిక్. పని బట్టల్లోనే నేరుగా వచ్చాడు, మోచేతుల దాకా గ్రీజు మరకలు. సంఘం మనిషి కాకపోయినా బంధువుల్ని జోడీగా తెచ్చుకోవచ్చన్నారు. అవతల గుండ్రాయి, గుండ్రాయి చెల్లెలు. మేడమ్ గోడ పక్కన కుర్చీలో కూర్చుని చూస్తోంది.

"ఒరేయ్, మోచెయ్యి దించు" అన్నాడు కోచ్ రెండో పాయింటుకే.

"షటిల్ నీ పక్కన పడింది బావా."

"తెలుసురా. నువ్వు మోచెయ్యి దించితే ఇటు వచ్చేది కాదు."

ఇంకో నాలుగు పాయింట్లు పోయాయి. గుండ్రాయి మడమలకు ప్లాస్టర్లు వేసుకుని, కుంటుకుంటూనే కోర్టంతా తిరుగుతున్నాడు. కోచ్ నెట్టు దగ్గర ఒకచోట పాతుకుపోయి చేత్తో దారి చూపిస్తున్నాడు.

"వెనక్కి, వెనక్కి! నీ వెనక ఖాళీగా ఉంది!"

"నా వెనకా నేనే, నీ వెనకా నేనే బావా. నాకున్నవి రెండు కాళ్ళే" అన్నాడు బావమరిది రొప్పుతూ. "రోజూ పద్దెనిమిది వేలు నడిచేవాడివి, రెండడుగులు పక్కకి వెయ్యలేవా?"

"నడక వేరు, ఆట వేరు."

"ఏ డాక్టరు చెప్పాడు?"

ఇరవై ఒకటి – తొమ్మిది, ఇరవై ఒకటి – ఆరు. కోచ్ బయటికొచ్చి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి చెమట పెద్దగా లేదు. పైన ఫ్యాను గాలికి షటిల్ వంకర పోతోందన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని బావమరిది గొణిగాడు. ఆ గంటలో వాచీ లెక్కపెట్టిన అడుగులు నాలుగు వందల పన్నెండు.

మేడమ్ లేచి వచ్చింది. ఆట గురించి ఏమీ అనలేదు.

"రేపు మీ పేజీ తెర మీద చూపించండి. పది నిమిషాలు. ఎలా కట్టారో చెప్పండి. ఆ తర్వాత మనం విడిగా కూర్చుందాం."

"తప్పకుండా మేడమ్."

"అంకెలు అప్పటికప్పుడు మారతాయా? ఎవరు నడుస్తుంటే వాళ్ళవి?"

"మారతాయి మేడమ్" అన్నాడు కోచ్. మారవు. కానీ మారేలా చేయడం ఒక పూట పని.

ఆదివారం భార్యకు సెలవు. కానీ తోటి నర్సు బిడ్డకు జ్వరమని పొద్దున్నే ఫోను చేస్తే, ఆవిడ బదులు ఈవిడ వెళ్ళింది. అతను ఎనిమిదింటికి లేచేసరికి అల్మరా మీద వాచీ లేదు. దాని చోట చీటీ ఉంది: 'డ్యూటీకి వెళ్తున్నా. వాచీ కట్టుకున్నా, మర్చిపోలేదు. అన్నం గిన్నె స్టవ్ మీద.' కోచ్ చీటీ చదివి సంతోషించాడు. ఇంకో పది వేలు కలుస్తాయి.

తర్వాత ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. తెల్లవారుజామున ఒకసారి మారే అంకెల్ని నిమిషానికొకసారి మారేలా తిప్పాడు. మేడమ్‌కి నచ్చుతుందని ఇంకొకటి కూడా చేర్చాడు. ఎవరు నడుస్తుంటే వాళ్ళ పేరు పక్కన ఒక చిన్న ఆకుపచ్చ బొమ్మ నడుస్తుంది, ఆగితే ఆగుతుంది. గుండ్రాయి పేరు పెట్టి చూశాడు. గుండ్రాయి ఎక్కడో నడుస్తున్నాడు. బొమ్మ నడిచింది. సరిపోయిందనుకుని పేజీ ఎక్కించేశాడు. మీటింగు ఉన్న రోజు పొద్దున పేజీలో చెయ్యి పెట్టకూడదని ఈ పని చేసే ప్రతివాడికీ తెలుసు. కోచ్ ఆ మాట ఏడాది పొడుగునా పదిమందికి చెప్పి ఉంటాడు. చీటీ ఒక సంతోషం, బొమ్మ ఒక సంతోషం. వేటికవి బాగానే ఉన్నాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మణికట్టు దగ్గర బొత్తాం బిగించుకుని వెళ్ళాడు.

హాల్లో నలభై కుర్చీలూ నిండాయి. గోడవార టీ, బిస్కెట్లు. బావమరిది కూడా వచ్చాడు. ఓడిపోయినవాళ్ళకి కూడా టీ ఇస్తారని విన్నానన్నాడు. పదకొండుంబావుకి కోచ్ మైకు ముందుకొచ్చాడు. వెనక తెర మీద పేజీ. మొదటి వరసలో మేడమ్, ఒళ్ళో నోటుపుస్తకం తెరిచి ఉంది.

"ఓర్పు అనేది ఒక్క రోజులో వచ్చేది కాదు" అని మొదలుపెట్టాడు. "సోమవారం నేను కూడా వెనకపడ్డాను. చాలామంది అక్కడ ఆగిపోతారు. నేను ఆగలేదు. మంగళవారం పొద్దున్న లేచి ఒక నిర్ణయం తీసుకున్నాను."

బాగానే మాట్లాడాడు. నిర్ణయం గురించి నాలుగు నిమిషాలు, పేజీ గురించి ఒక నిమిషం. గొంతులో తడి కూడా తెచ్చుకున్నాడు. మేడమ్ ఏదో రాసుకుంది. అప్పుడు వెనక వరసలో ఎవరో నవ్వారు. తర్వాత ఇంకొకరు.

"కోచ్, నువ్వు ఇక్కడున్నావు గదా. నీ బొమ్మ ఎటు పోతోంది?"

కోచ్ వెనక్కి తిరిగాడు. పేజీలో ముప్ఫై ఎనిమిది బొమ్మలు కదలకుండా నిలబడి ఉన్నాయి. ఆ ముప్ఫై ఎనిమిదిమందీ ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఒక్క బొమ్మ నడుస్తోంది. వేగంగా, ఎక్కడికో పని మీద వెళ్తున్నట్టు. దాని పక్కన ఏడు వేల నాలుగు వందల పన్నెండు. అతను చూస్తుండగానే ఏడు వేల నాలుగు వందల తొంభై అయింది.

"సర్వరు..." అన్నాడు కోచ్. "సర్వరు పాత లెక్కలు పంపుతోంది."

"పాత లెక్కలైతే పెరగవు కదా" అంది మేడమ్. గొంతు పెంచలేదు. "మీ వాచీ చూడండి ఒకసారి."

కోచ్ చెయ్యి దానంతట అదే మణికట్టు మీది బొత్తాన్ని పట్టుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది. నలభైమందీ ఆ చెయ్యే చూశారు.

"ఛార్జింగు పెట్టొచ్చాను మేడమ్."

"ఛార్జింగులో నడుస్తోందా?"

హాలంతా గొల్లున నవ్వింది. మేడమ్ నవ్వలేదు. "మీ పేరు మీద నొక్కండి. గంటల గీతలు చూద్దాం."

"ఆ బటను ఇంకా సరిగ్గా..."

"పనిచేస్తుందన్నా, నేను రోజూ నొక్కుతున్నాగా" అంటూ గుండ్రాయి లేచాడు. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. కుంటుకుంటూ వచ్చి తనే నొక్కాడు.

గీతలు తెర నిండా లేచాయి. మంగళవారం నుంచి అన్ని రోజులూ ఒకే తీరు. ఏడు గంటలకు మొదలు. తొమ్మిదింటికి ఎత్తు. పదకొండుకి చిన్న గీత. మూడుకి తగ్గి, నాలుగు తర్వాత చదును. గురువారం మధ్యాహ్నం రెండు గంటలు ఖాళీ. శనివారం సాయంత్రం, అందరూ చూస్తుండగా అతను షటిల్ ఆడిన గంటకు, నేలనంటుకుని ఒక గీత.

బావమరిది సగం కొరికిన బిస్కెట్టు చేత్తో పట్టుకుని ముందుకొచ్చాడు. తెర చూశాడు, బావని చూశాడు.

"ఏడు నుంచి మూడు" అన్నాడు. "బావా, ఇది మా అక్క డ్యూటీ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. తెర మీద అంకె ఇంకో ఎనభై పెరిగింది.

"ఎక్కడ చేస్తారావిడ?" అని మేడమ్ అడిగింది. కోచ్‌ని కాదు, బావమరిదిని.

"ఆస్పత్రిలో మేడమ్. వార్డు నర్సు. గుండె చూస్తున్నాడంట నా మొగుడని వారం రోజులనించి ఇంటిల్లిపాదికీ చెప్పుకుంటోంది." అతను కోచ్ వైపు తిరిగాడు. "కూర్చుని తినేవాళ్ళని చూశా గానీ, కూర్చుని నడిచేవాణ్ణి నిన్నే చూస్తున్నా బావా. కాళ్ళు మా అక్కవి, కప్పు నీకు."

కోచ్ మైకు వదిలేసి మేడమ్ కుర్చీ దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాననుకున్నాడు గానీ, నిశ్శబ్దంగా ఉన్న హాల్లో అది అందరికీ వినబడింది.

"మేడమ్, పేజీ మాత్రం నేనే చేశాను. ఆ పని నాదే. నెలాఖరుకి నా ఉద్యోగం పోతోంది మేడమ్. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

"పేజీ బాగుంది" అంది మేడమ్, నోటుపుస్తకం మూస్తూ. "నిన్న అడిగినప్పుడు అంకెలు అప్పటికప్పుడు మారేవా?"

కోచ్ తల తిప్పి తెర వైపు చూశాడు.

"ఇవాళ పొద్దున చేశారు, కదూ? నిన్న మారవని చెప్పి ఇవాళ చేసి ఉంటే, దాని గురించి మాట్లాడుకునేవాళ్ళం."

ఆవిడ లేచి వెళ్ళి, గుండ్రాయిని మడమలకు ఏం మందు రాస్తున్నాడో అడిగింది. ఫస్టు ప్రైజు ఒక నీళ్ళ సీసా, ఒక తువ్వాలు. గుండ్రాయి పుచ్చుకోనన్నాడు. నడిచినావిడకే ఇవ్వాలన్నాడు. సంఘం వాళ్ళు సరేనన్నారు. బావమరిది వాటిని చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. కోచ్ దాకా ఎవరూ టీ తేలేదు, అతనూ వెళ్ళి తెచ్చుకోలేదు.

నాలుగు గంటలకు ఆవిడ ఇంటికొచ్చింది. కోచ్ అప్పటికే సోఫాలో ఉన్నాడు. దారి పొడుగునా ఒక మాట తయారు చేసుకున్నాడు. వాచీ పాడైపోయింది, ఇక కట్టుకోవద్దు అని. ఆవిడ ఎప్పటిలాగే పీట మీద కూర్చుని సాక్సు మడత విప్పి వాచీ తీసింది. చీలమండ చుట్టూ సాక్సు మీద పట్టీ అచ్చు పడి ఉంది. వాచీ తుడిచింది. అల్మరా మీద పెట్టలేదు. తెచ్చి అతని ముందు టేబులు మీద పెట్టింది.

"ఇది పాడైనట్టుంది" అన్నాడు కోచ్.

"తమ్ముడు ఫోను చేశాడు."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చేయడానికి కిక్కు కొడుతున్నారు. అది అందుకోవడం లేదు.

"ఉద్యోగం సంగతి కూడా చెప్పాడు" అంది ఆవిడ. "అందరి ముందూ చెప్పారటగా. మంచిదే. అది సర్దుకుందాం. ఇది పోతే ఇంకోటి దొరక్కపోదు."

"నేనే చెబుదామని..."

"నేనడిగేది అది కాదు." ఆవిడ అతని పక్కన కాకుండా ఎదురు కుర్చీలో కూర్చుంది. "అడుగులు మీరు తీసుకున్నారు. పోనివ్వండి, నేను ఎలాగూ నడిచేవే. గుండె చూశానన్నారు కదా రోజూ. అది చూపించండి."

"ఇప్పుడెందుకు?"

"మా అమ్మకి మొదట తెలిసింది నాడిలోనే. చూపించండి. నాకు చదవడం వచ్చు."

కోచ్ ఫోను తీశాడు. అడుగుల పేజీ కళ్ళు మూసుకుని తెరవగలడు. గుండె పేజీ ఎక్కడుందో వెతకాల్సి వచ్చింది. రెండుసార్లు తప్పు చోట నొక్కాడు. ఆవిడ చెయ్యి చాచలేదు, తొందర పెట్టలేదు. వార్డులో థర్మామీటరు పెట్టి ఆగినట్టు ఆగింది. చివరికి దొరికింది. తేదీలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మంగళవారం పక్కన ఒక అడ్డగీత. బుధవారం పక్కన అడ్డగీత. గురువారం, శుక్రవారం, ఇవాళ, అన్నిటికీ అవే గీతలు. సాక్సు మీంచి వాచీకి ఏ గుండే అందలేదు.

కోచ్ వేలు ఇంకా కిందికి, పైకి జరుపుతూనే ఉన్నాడు, ఎక్కడైనా ఒక్క రోజు పడి ఉంటుందేమోనని. ఆ వారంలో రెండు చోట్లే అంకెలు ఉన్నాయి. సోమవారం పగలు, శనివారం సాయంత్రం ఒక గంట. ఆవిడ వంగి వాటిని చదివింది.

"ఈ నాడి బాగానే ఉంది" అంది, లేస్తూ. "ఇది మీది."